ఒంటిగంట నుంచి రెండింటి దాకా

మా ఆవిడ స్వరపేటిక తీసెయ్యాలని మార్చి రెండో శుక్రవారం నాడు మాకు తెలిసింది.

డాక్టరు తెల్లకాగితం మీద మెడ బొమ్మ గీశాడు. మింగే దారి మొదలయ్యే చోట, స్వరపేటికకు సరిగ్గా వెనక, పెన్నుతో చిన్న చుక్క పెట్టాడు. "ఈ గడ్డ తియ్యాలంటే ముందున్నది కూడా తియ్యక తప్పదండి. రెంటికీ మధ్య దూరం లేదు" అన్నాడు.

"ముందున్నదంటే?" అని అడిగాను, అర్థమయ్యి కూడా.

"నా మాట" అంది వాసంతి, ఆయన కంటే ముందే.

ఎప్పటిలాగే స్పష్టంగా అంది. ఆ గొంతులో జబ్బుందంటే ఎవరూ నమ్మరు. ఏడాదిగా తన బాధంతా మింగడంతోనే. దోసె ముక్క అడ్డం పడుతోందని ఇడ్లీకి మారింది, ఇడ్లీ కూడా దిగడం లేదని జావకి వచ్చింది. సిగరెట్టు వాసన కూడా గిట్టని మనిషికి ఇది ఎలా వచ్చిందని డాక్టరుని మూడు రకాలుగా అడిగాను. మూడుసార్లూ ఆయన ఓపిగ్గా ఒకే సమాధానం చెప్పాడు. ఏళ్ళ తరబడి ఒంట్లో రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళలో కొందరికి అక్కడ వస్తుందట. రక్తం ఎక్కించి, పరీక్షలన్నీ పూర్తిచేసి, ఏప్రిల్ పదిన ఆపరేషన్ చేద్దామన్నాడు.

వాసంతి పదహారేళ్ళుగా కొత్తగూడ దగ్గర ఒక కాల్ సెంటర్లో పనిచేస్తోంది. మొదట ఫోన్లు ఎత్తేది. తర్వాత కొత్తగా చేరినవాళ్ళకి, కోపంగా ఉన్న కస్టమరుతో ఎలా మాట్లాడాలో నేర్పే పని ఇచ్చారు. బూతులతో మొదలుపెట్టిన మనిషి కూడా మూడో నిమిషానికి తనని "అమ్మా" అని పిలవడం నేను స్వయంగా విన్నాను. ఆ ఉద్యోగం ఉండదని తనకి ఆ క్షణానే తెలిసి ఉండాలి. కానీ కారు ఎక్కాక తను అడిగింది ఉద్యోగం గురించి కాదు.

"అమ్మకి ఎలాగండీ? నేను కాగితం మీద రాస్తే అమ్మ చదవలేదు కదా."

మా అత్తగారు రాజరాజేశ్వరి గారికి ఆరేళ్ళ క్రితం షుగరు వల్ల చూపు పోయింది. అప్పటినుంచీ నార్సింగిలో మా దగ్గరే ఉంటున్నారు. కంచంలో కూర ఏ పక్కనుందో, బకెట్లో నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో, తలుపు తెరిచి ఉందో వేసి ఉందో అన్నీ వాసంతి నోటితో చెప్పాల్సిందే. నేను చెబితే ఆవిడ మొహమాటపడేవారు. "మీకెందుకండీ శ్రమ, అమ్మాయి వచ్చాక చూసుకుంటాను" అనేవారు.

ఆ సాయంత్రమే వాసంతి ఆవిడకి అంతా చెప్పేసింది. అత్తయ్యగారు ఒళ్ళో చేట పెట్టుకుని కరివేపాకు రెబ్బలు దూస్తున్నారు. వింటున్నంతసేపూ చేతులు ఆగలేదు.

"ఎప్పుడన్నారూ?"

"ఏప్రిల్ పదిన."

"అయితే ఇంకా చాలా రోజులుంది" అన్నారు ఆవిడ. "మాట్లాడుకుందాం."

మర్నాడు ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు ప్రవీణ గారిని కలిశాం. ముప్పై ఏళ్ళుంటాయేమో, నెమ్మదిగా మాట్లాడే అమ్మాయి. ఒక దారి ఉందని చెప్పింది. మూడు వందల వాక్యాలు ఇస్తారు. వాసంతి వాటిని చదివి రికార్డు చేసి పంపితే కంప్యూటరు ఆ గొంతును నేర్చుకుంటుంది. తర్వాత తను ఫోన్లో ఏది టైపు చేస్తే అది, దాదాపు తన గొంతుతోనే పైకి పలుకుతుంది.

"దానికి ఎలాంటి మైకు కావాలి?" అని అడిగాను.

"ఫోన్లో చేసినా చాలు సార్. గది నిశ్శబ్దంగా ఉంటే చాలు. కానీ ఆలస్యం చెయ్యకండి."

ఆ ఆఖరి మాట నేను విన్నాను. విని, తలూపి, ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను.

నా ఉద్యోగం టెస్టింగు. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములు జనం చేతికి వెళ్ళకముందే వాటిలో తప్పులు పట్టడం. పదిహేడేళ్ళుగా అదే పని. వాసంతి గొంతు రికార్డు చేసే అవకాశం ఒక్కసారే వస్తుంది, దాన్ని ఫోన్లో చేయడమేమిటి అనిపించింది. ఆ రాత్రి నుంచీ చదవడం మొదలుపెట్టాను. మైకులోంచి వచ్చే శబ్దం చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని పెంచే భాగాన్ని ప్రీయాంప్ అంటారు. పెంచిన శబ్దాన్ని కంప్యూటరుకి అర్థమయ్యేలా మార్చి అందించే పెట్టె ఆడియో ఇంటర్‌ఫేస్. చౌక పెట్టెలో ప్రీయాంప్ సరిగ్గా ఉండదు, పెంచేకొద్దీ గొంతుతోపాటు సన్నటి బుస కూడా పెరుగుతుంది. ఈ సంగతుల మీద లోకంలో ఎంతమంది ఎన్నేళ్ళుగా వాదించుకుంటున్నారో అప్పుడే తెలిసింది. ఒకడు ఇది కొనమంటాడు, వాడి కిందే ఇంకొకడు ఇది కొంటే ఏడుస్తావంటాడు.

నాలుగో రోజున ఎర్ర పెట్టె వచ్చింది. దాంతోపాటే మైకు. పడగ్గదిలో బల్ల వేసి అన్నీ తగిలించి వాసంతిని కూర్చోబెట్టాను.

"ఏదైనా ఒక వాక్యం చెప్పు."

"నమస్కారం, నేను వాసంతిని. మీకు ఏ విధంగా సహాయపడగలను?" అంది. పదహారేళ్ళ అలవాటు, అదే వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నెలలో మేం అలా కలిసి నవ్వింది అదే మొదలు, అదే చివర.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మాటకీ మాటకీ మధ్య బుస. గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించాను. మైకు దగ్గరికి జరిపాను. దూరం జరిపాను. ప్రతిసారీ తను అదే వాక్యం చెప్పింది. పోల్చాలంటే వాక్యం మారకూడదని నేనే అన్నాను.

వారం తిరిగేసరికి నల్ల పెట్టె తెప్పించాను. బుస తగ్గింది గానీ ఛార్జరు పెట్టినప్పుడల్లా సన్నగా ఒక హోరు. ఎక్సెల్ షీటు తయారుచేశాను. బుసకొక గడి, హోరుకొక గడి, ప, బ, భ పలికినప్పుడు మైకు మీద పడే ఊపిరి చప్పుడుకొక గడి. ఒక్కో గడిలో పదికి మార్కులు. ఆఫీసులో మీటింగు జరుగుతుంటే పక్క కిటికీలో ఈ షీటు తెరిచి ఉండేది.

"ఏంటమ్మా రోజూ అదే మాట చదువుతున్నావు?" అని ఒకరోజు అత్తయ్యగారు హాల్లోంచి అడిగారు.

"ఆయన పరీక్ష పెడుతున్నారమ్మా."

"పాసయ్యావా?"

"ఇంకా లేదు."

ఉగాది వెళ్ళింది. పచ్చడి నాలిక మీద రాసుకుని ఊరుకుంది వాసంతి. మర్నాడు నన్ను అడిగింది, "ఇక మొదలుపెడదామా?"

"ఇంకో వారం ఆగు. విడిగా ప్రీయాంప్ ఒకటి వస్తోంది. నల్ల పెట్టెకి ముందు అది తగిలిస్తే అప్పుడు అసలు గొంతు వస్తుంది."

తను నా మొహంలోకి చూసింది. "సరే" అంది.

వెండి రంగు ప్రీయాంప్ మార్చి ఆఖరున వచ్చింది. అది నిజంగా బాగుంది. అయితే గొంతుని కాస్త మందం చేస్తోందని నాకు అనుమానం. మూడు రికార్డింగులూ పేర్లు దాచి వాసంతికి వినిపించాను.

"ఏది బాగుంది?"

"మూడూ నేనే కదండీ."

"అలా కాదు, సరిగ్గా విను. రెండోదానిలో..."

"నాకు తేడా తెలియడం లేదు" అంది, మెడ మీద చెయ్యి పెట్టుకుని. ఆ రోజు జావ కూడా సగంలో ఆపేసింది. మాట చివర చిన్న జీర వినబడింది. దాన్ని కూడా నేను ప్రీయాంప్ తప్పు కింద షీట్లో రాశాను.

ఏప్రిల్ రెండో తారీఖున, ఇంకో రకం మైకు కిరాయికి దొరుకుతుందేమోనని కొత్తగూడ ఫ్లైఓవరు పక్క సందులో ఒక సెల్లార్ దుకాణానికి వెళ్ళాను. ఐలయ్య అనే పెద్దాయన నడుపుతున్నాడు. అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు పెళ్ళిళ్ళకీ ఎలక్షన్లకీ మైకుసెట్లు పెట్టేవాడట. ఇప్పుడు స్పీకర్లు కిరాయికిస్తాడు, వెనక చిన్న గదిలో రికార్డింగు చేస్తాడు. నేను చెప్పిందంతా విన్నాడు. ఎర్రది, నల్లది, వెండిది, బుస, హోరు. మధ్యలో ఎవరి గొంతు, ఎందుకు అని ఒక్కటే అడిగాడు. చెప్పాను. షట్టరు సగం దించి స్కూటరు తీశాడు.

"పద సార్. ఇల్లు జూస్తా."

ఇంట్లోకి రాగానే హాలు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. వాసంతి, అత్తయ్యగారు, నేను ఊరికే నిలబడిపోయాం.

"గా ఫ్రిజ్ బంద్ చెయ్యుండ్రి."

ఆపాను.

"ఫ్యాన్లు గూడ."

ఆపాను. అప్పుడు వినిపించింది. ప్రహరీ అవతల కొత్త టవర్ల కోసం బండ కొడుతున్న మిషను. ఏడాదిగా పొద్దున్నే మొదలై చీకటిపడేదాకా కొడుతూనే ఉంది, రాత్రంతా ఆ రాళ్ళు మోసే లారీలు. మా చెవులు ఎప్పుడో దాన్ని వదిలేశాయి.

"నీ డబ్బలు మూడూ మంచిగనే ఉన్నయ్ సార్" అన్నాడు ఐలయ్య. "బుస డబ్బల లేదు, నీ ఇంట్ల ఉన్నది. గోడలు ఖాళీ, కింద బండలు, గాజు కిటికీలు. మాట అన్నిటికి తాకి మళ్ళొస్తుంది. గా ఎర్ర డబ్బ చాలు. ఫోన్ అయినా చాలు."

"ఫోనా?"

"అమ్మ గొంతు మంచిగున్నది. ఆపరేషన్ ఎన్నడన్నవ్?"

"పదో తారీఖు."

"డాక్టర్ ఎన్నడు జెప్పిండు?"

"మార్చి పదమూడున."

వేళ్ళు మడుస్తూ లోపల్లోపల లెక్కపెట్టాడు. "ఇరవై దినాలు డబ్బలు జూసుకుంట కూసున్నవా సార్?"

తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. వాసంతి కిటికీ వైపు తిరిగింది.

బట్టల బీరువాలున్న చిన్న గది చూపించమన్నాడు. ఇంట్లో ఉన్న బొంతలూ రగ్గులూ తెమ్మని, మేకులు కొట్టి మూడు పక్కలా తనే వేలాడదీశాడు. మధ్యలో స్టూలు వేశాడు. వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"బండ గొట్టేటోళ్ళు ఒంటిగంటకు బువ్వకు వోతరు. రెండింటికి మళ్ళ షురూ జేస్తరు. గా గంటే నీది. రేపే మొదలువెట్టు." కాస్త ఆగి, "నా తాన ముప్పై ఏండ్ల క్యాసెట్లున్నయ్ సార్. ఊరందరి పెండ్లిళ్ళు. మా అమ్మ మాట ఒక్కటి లేదు" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి మిషను ఆగింది. నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. ఫ్రిజ్, ఫ్యాన్లు ఆపి, లిఫ్టు వైపు తలుపు మూశాక వాసంతి బొంతల మధ్య కూర్చుంది. నేను గుమ్మం బయట నేల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. ఏప్రిల్ ఎండ, గాలి లేదు. తను ఒక్కో వాక్యం చదివేది, నేను వేలెత్తేవాణ్ణి, తర్వాతది చదివేది.

"రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది."

"ఈ రోడ్డు ఎక్కడికి వెళ్తుంది?"

"పాలు పొంగాయి, స్టవ్ ఆపు."

అర్థంపర్థం లేని వాక్యాలు. తెలుగులో ఉన్న అన్ని ధ్వనులూ రావాలని ఎవరో కూర్చి పెట్టారు. ఆ రోజు అరవై ఐదు అయ్యాయి. బయటికి వచ్చేసరికి జాకెట్టు తడిసి ముద్దయింది. శనివారం అరవై. ఆ రెండు రోజుల రికార్డింగులూ ఎర్ర పెట్టెతోనే చేశాం. బుస లేదు. ఇరవై రోజులుగా నేను వెతికిన నిశ్శబ్దం బొంతల మధ్య దొరికింది.

ఆదివారం సగంలో గొంతు పట్టేసింది. నీళ్ళు తాగింది, దగ్గింది, మళ్ళీ మొదలుపెట్టింది. నలభై అయ్యాక కాగితం పక్కన పెట్టేసింది.

"అమ్మా, గుమ్మం ఉంది చూసుకో" అంది మైకులోకి. నేను తల ఎత్తాను. "అమ్మా, కుడిచేతి పక్కన మాత్రలున్నాయి. అమ్మా, నేనే, భయపడకు."

"వాసంతీ, అవి లిస్టులో లేవు."

"తెలుసు. ఇవి ఇలాగే ఉంచుకుందామని. కంప్యూటరు చెప్పేవి కాకుండా."

"అవి ఆఖర్న చేద్దాం. గొంతు బాగున్నప్పుడే ముందు మూడు వందలూ పూర్తికావాలి. ఆ మాటలు ఎలాగూ తర్వాత టైపు చేస్తే వస్తాయి కదా."

తను కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని నూట అరవై ఆరో వాక్యం చదవబోయింది. మాట సగంలో తెగింది. సరిగ్గా అప్పుడే అవతల మిషను మొదలైంది. తను మొదట చెప్పిన ఆ మూడు మాటలూ రికార్డయ్యాయి. లిస్టుతో కలిసిపోతాయని నేనే ఆ సాయంత్రం చెరిపేశాను.

సోమవారం పొద్దున్న లేచేసరికి వాసంతి ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు వినిపిస్తోంది. పది గంటలకి ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు సన్నటి కెమెరా గొట్టం ముక్కులోంచి పంపి చూశాడు. వాపు ఊపిరి దారి మీదికి జరిగిందన్నాడు.

"పదో తారీఖు దాకా ఆగలేమండి. ఇవాళే చేర్చుకుంటాం. రేపు పొద్దున మొదటి కేసు మీదే."

"నాలుగు రోజుల పని మిగిలి ఉందండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. "ఏం పని?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వార్డులో వాసంతి నా ఫోను తీసుకుని ఇంటికి చేసింది. పక్కింటి ఉమాశ్రీ గారు అత్తయ్యగారికి తోడుగా కూర్చున్నారు. ఫోను అందుకుని ఆవిడకి ఇచ్చారు. వాసంతి నావైపు చూసి, "కాసేపు బయట కూర్చుంటారా?" అంది. బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి తను మాట్లాడటం కనిపిస్తోంది, వినిపించడం లేదు. ఈల కొట్టే ఊపిరితోనే, ఆగి ఆగి, గంట దాటి మాట్లాడింది. ఆ కాల్ రికార్డు చెయ్యొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఇన్నాళ్ళకి, రాకపోవడమే మంచిదయిందనుకుంటాను. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు.

మంగళవారం ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. బాగా జరిగిందన్నారు.

వాసంతి మెడ మధ్యలో ఊపిరి పీల్చడానికి రంధ్రం ఉంది. ముక్కులో ఆహారం వెళ్ళే గొట్టం. మూడో రోజు మెలకువ బాగా వచ్చాక రాసుకోవడానికి పలక లాంటిది ఒకటి ఇచ్చారు. మొదట రాసింది "అమ్మ తిందా?" అని. తింది అన్నాను.

నాలుగో రోజు నేను మంచం పక్కన కూర్చుని అది చెప్పేశాను. మూడు వారాలు వృథా చేశానని, ప్రవీణ గారు ఫోను చాలన్నా వినలేదని, ఆదివారం నాడు ఆ మాటలు చెప్పనివ్వలేదని, చెప్పినవి కూడా చెరిపేశానని. చెబుతూ చెబుతూ ఏడ్చాను. మార్చి పదమూడు నుంచీ నేను ఏడవలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

వాసంతి పలక దగ్గరికి లాక్కుంది.

"మీకు ఆ పెట్టెలు కావాలనిపించింది. లేకపోతే అప్పుడే ఇలా అయిపోయేవారు. అందుకే ఊరుకున్నాను."

నేను చదివాక తుడిచేసింది. కింద ఇంకోటి రాసింది. "కోపం కూడా ఉంది. తర్వాత చెప్తాను."

నూట అరవై ఐదు వాక్యాలే పంపాం. సరిపోవేమోనని, నా దగ్గరున్న టెస్టు ఫైళ్ళన్నీ కూడా ప్రవీణ గారికి చూపించాను. నలభై మూడు ఉన్నాయి.

"అన్నింట్లోనూ ఒకే వాక్యం ఉంది సార్" అంది ఆ అమ్మాయి, కొన్ని విన్నాక. "కంప్యూటరుకి వేరువేరు మాటలు కావాలి. ఇవి పనికిరావు."

మే మొదటి వారంలో వాసంతి ఇంటికి వచ్చింది. అంతలోనే కంప్యూటరు గొంతు కూడా తయారైంది. అత్తయ్యగారు సోఫాలో కూర్చుని ఉన్నారు. వాసంతి ఎదురుగా కుర్చీ వేసుకుని ఫోన్లో టైపు చేసింది. మీట నొక్కేముందు నావైపు చూసింది.

"అమ్మా, నేను వచ్చేశాను. ఎలా ఉన్నావు?" అంది ఫోను.

వాసంతి గొంతే. ఒప్పుకుని తీరాలి, గొంతు అచ్చం తనదే. కానీ ప్రతి మాటా ఒకే ఎత్తులో, లిస్టు చదువుతున్నట్టుగా వచ్చింది. అత్తయ్యగారు పమిట సర్దుకున్నారు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు సర్దుకున్నట్టు. నిటారుగా కూర్చున్నారు.

"ఎవరండీ?" అన్నారు.

వాసంతి ఫోను ఒళ్ళో పెట్టుకుంది. లేచి వెళ్ళి తల్లి పక్కన కూర్చుని భుజం మీద రెండుసార్లు తట్టింది. అత్తయ్యగారు ఆ చెయ్యి పట్టుకుని, మణికట్టు, గాజు తడిమి, "నువ్వా" అన్నారు. "నువ్వేనా తల్లీ. నేను ఫోనులో ఎవరో అనుకున్నాను." ఆ తర్వాత ఆ చెయ్యి వదలకుండా చాలాసేపు ఆవిడే మాట్లాడారు.

అప్పటినుంచీ ఇంట్లో భుజం మీద తట్టడమే పలకరింపు అయింది. ఫోను గొంతుతో వాసంతి మందులషాపుకి, గ్యాసు కంపెనీకి ఫోన్లు చేసేది. అక్కడ అది బాగానే పనికొచ్చింది. అమ్మ దగ్గర మాత్రం మళ్ళీ వాడలేదు. వంటింట్లో ఏది ఎక్కడుందో, వాసంతి చేత్తో చూపిస్తే నేను నోటితో చెప్పేవాణ్ణి. అత్తయ్యగారు నా దగ్గర మొహమాటం మానేశారు. మానకపోతే రోజు గడవదు.

ఆపరేషన్‌లోనే ఊపిరి గొట్టానికీ ఆహారపు గొట్టానికీ మధ్య చిన్న వాల్వు పెట్టారు. మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఊపిరి వదిలితే గాలి అందులోంచి గొంతులోకి వెళ్ళి ఒక రకమైన మాట వస్తుంది. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. మే నెలంతా వారానికి రెండు రోజులు ప్రవీణ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మొదట గాలే. తర్వాత త్రేన్పు లాంటి శబ్దం. తర్వాత ఒక "ఆ". రేడియేషన్ మొదలయ్యాక మెడ చర్మం కమిలిపోయి వారం రోజులు సాధన ఆపేయాల్సి వచ్చింది. నాలుగు మాటలు కలిపి అనగలిగిన రోజున కూడా వాసంతి ఇంట్లో ఆ సంగతి చెప్పొద్దని సైగ చేసింది. ఆ గొంతు తనకే ఎవరిదో అనిపిస్తోందని రాసి చూపించింది. మొగగొంతులా ఉందని, అమ్మ ఇంకోసారి "ఎవరండీ" అంటే తట్టుకోలేనని.

జూన్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం తొలకరి పడింది. నేను లోపలి గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాను, తలుపు తెరిచే ఉంది. అత్తయ్యగారు బాల్కనీ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని వాన వింటున్నారు. జల్లు లోపలికి కొట్టడం మొదలైంది. వాసంతి వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో తుండుగుడ్డ, ఇంకో చేతిలో తల్లి మందుల డబ్బా ఉన్నాయి. తట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. తుండు భుజాన వేసుకుంది. ఆ చెయ్యి తల్లి వైపు వెళ్తూ వెళ్తూ మధ్యలో ఆగి, మెడ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, తడుస్తున్నావు. లోపలికి రా."

సగం గాలి, సగం గరగర. జలుబు చేసిన మగమనిషి దూరంనుంచి పిలిచినట్టుంది. నేను కాల్ మ్యూట్ చేసి లేచి నిలబడ్డాను.

అత్తయ్యగారు మొహం ఇటు తిప్పారు.

"నేను తడిస్తే తడిశాను" అన్నారు. "నువ్వు ముందు ఆ మెడ మీద గుడ్డ కప్పుకో. నీళ్ళు పోతే ఏమవుతుందో ఏమో."

వాసంతి మందుల డబ్బా కింద పెట్టేసి తల్లి మోకాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. వాళ్ళని అలాగే వదిలి నేను తలుపు దగ్గరికి వేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఉండబట్టలేక అత్తయ్యగారిని అడిగాను, ఎలా గుర్తుపట్టారని.

"అదేం ప్రశ్నండీ బాబూ" అన్నారు. "నన్ను అలా గదమాయించేది అదొక్కతే కదా."

ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో గొడవ జరుగుతోంది. ఇంకో అరచెంచా పంచదార వెయ్యమని అత్తయ్యగారు, వెయ్యనని వాసంతి. మాటకీ మాటకీ మధ్య వాసంతి వేలు తీసి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తోంది. ఆ వ్యవధిలో అత్తయ్యగారు రెండు మాటలు ఎక్కువ అనేస్తున్నారు. వాసంతికి కోపం వచ్చి, ఊపిరి చాలకపోయినా, "షుగరెంతుందో తెలుసా నీకు?" అని అరిచింది. చివరి మాట గాల్లో కలిసిపోయింది. మళ్ళీ వేలు పెట్టి ఆ ఒక్క మాటా మళ్ళీ అంది.

"బాబుగారూ, వచ్చారా? మీరైనా చెప్పండి దానికి" అన్నారు అత్తయ్యగారు నా అడుగులు విని.

నేను బూట్లు విప్పుకుంటూ గుమ్మంలోనే కూర్చున్నాను. లోపల వాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.